కంపెనీ క్యాంటీన్‌, షిఫ్టు, ఆరోగ్యం: పనిచోట వ్యాయామ, పోషణ కార్యక్రమాలు ఎక్కడ ఫలిస్తున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి

సంక్షిప్తంగా: పనిచేసే చోట వ్యాయామాన్నీ మంచి తిండినీ ప్రోత్సహించే కార్యక్రమాల్లో ఫలితం చూపినవి చాలావరకు వడ్డించే భోజనాన్నీ పని వేళల్నీ మార్చినవే. ఉపన్యాసాలతో, పోటీలతో సరిపెట్టినవి కొలతకు అందే మార్పు తేలేకపోయాయి. వర్ధమాన దేశాల్లో ఒకే కర్మాగారంలో రక్తహీనత, ఊబకాయం రెండూ కనిపిస్తాయి కాబట్టి సంపన్న దేశాల నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే కుదరదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల పరిశ్రమల విషయంలో ముందుగా చూడవలసింది క్యాంటీన్‌ కాంట్రాక్టులో రాసి ఉన్న మాటలు, విరామానికి ఇచ్చే సమయం, ఆ రెండూ కాంట్రాక్టు కార్మికులకు వర్తిస్తున్నాయా లేదా అన్నది.

ఇప్పుడెందుకు ఈ చర్చ

2025లో కార్మికుల దినచర్యను నేరుగా తాకే రెండు మార్పులు వచ్చాయి. కర్మాగారాల్లో రోజువారీ పని గంటల గరిష్ఠ పరిమితిని ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 9 నుంచి 10కి పెంచింది. వారానికి 48 గంటలన్న పరిమితి మాత్రం అలాగే ఉంది. ఆ ఏడాది నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ ఈ వ్యాసానికి ముఖ్యం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం క్యాంటీన్‌ బాధ్యత 250 మందికి మించి కార్మికులున్న చోటే వచ్చేది. కొత్త కోడ్‌ ఆ సంఖ్యను 100కు తగ్గించింది, పైగా కాంట్రాక్టు కార్మికులను కూడా ఆ లెక్కలో కలిపింది. ప్రభుత్వం నిర్దేశించిన వయసు, వర్గాల ఉద్యోగులకు ఏటా ఉచితంగా వైద్యపరీక్షలు చేయించే బాధ్యతను కూడా యజమానిపై పెట్టింది.

రేణిగుంట, గాజులమండ్యం పారిశ్రామికవాడల్లోని మధ్యతరహా యూనిట్లు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు కర్మాగారాలు, తడ దగ్గరి శ్రీసిటీలో విడిభాగాలు తయారుచేసే చిన్న కంపెనీలు ఇంతకాలం 250 గీతకు ఇవతల ఉండిపోయే వీలుండేది. ఇకపై వాటిలో కొన్నింటికైనా క్యాంటీన్‌ తప్పనిసరి కావచ్చు. యోగా దినోత్సవం, ఉచిత వైద్య శిబిరం, నడక పోటీ వంటివి కంపెనీల్లో కొత్త కాదు. క్యాంటీన్‌ పెట్టాలని చట్టం చెబుతున్నప్పుడు ఆ క్యాంటీన్‌లో ఏం వడ్డించాలన్న ప్రశ్న కూడా ఆరోగ్య కార్యక్రమంలో భాగమవుతుంది. క్యాంటీన్‌, ఆరోగ్య కార్యక్రమం వేర్వేరు విషయాలని అనుకోవడం వల్లే చాలావరకు గందరగోళం వస్తోంది.

ఒకే బంతిలో రెండు సమస్యలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇవి పూర్తిగా వేర్వేరు గుంపులని అనుకోవడం పొరపాటు. బరువు ఎక్కువగా ఉండి రక్తం తక్కువగా ఉన్నవారు కూడా ఇందులో ఉంటారు. దేశం మొత్తం మీద 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది.

ఈ రెండు సమస్యలకూ మూలం చాలాసార్లు ఒకే కంచంలో దొరుకుతుంది. మామూలు కర్మాగార భోజనంలో అన్నం దండిగా ఉంటుంది, సాంబారు పల్చగా ఉంటుంది. ఒక కూర, కాస్త రసం, మజ్జిగ, అప్పడం, ఊరగాయ ఉంటాయి. పాలిష్‌ పట్టిన బియ్యంలో ఇనుము చాలా తక్కువ. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే నిమ్మరసమో ఉసిరికాయో తోడుండాలి. భోజనం అవగానే తాగే టీలోని టానిన్లు అనే పదార్థాలు ఆ కాస్త ఇనుమును కూడా పూర్తిగా అందనివ్వవు. అసెంబ్లీ లైన్‌లో పనిచేసే ఇరవై ఏళ్ల అమ్మాయికి ఈ భోజనం కడుపు నింపుతుంది గానీ రక్తం పెంచదు. అదే బంతిలో కూర్చున్న నలభై అయిదేళ్ల సూపర్‌వైజరుకు అంత అన్నం, రోజుకు నాలుగు కప్పుల చక్కెర టీ కలిసి నడుము చుట్టుకొలతను పెంచుతాయి. ఇద్దరికీ పనికొచ్చే మార్పు ఒక్కటే: అన్నం వాటా తగ్గి పప్పు, కూరగాయలు, గుడ్డు, చిరుధాన్యాల వాటా పెరగడం. అందువల్ల ‘తక్కువ తినండి’ అనే సలహా ఇక్కడ సగం మందికి హానికరం. సంపన్న దేశాల కార్యక్రమాలు కేలరీలు తగ్గించడం చుట్టూ అల్లుకున్నవి. వాటిని తెచ్చుకునే ముందు ఈ తేడాను గుర్తించాలి.

బ్రెజిల్‌ అనుభవం

కార్మికుల ఆహారాన్ని జాతీయ విధానంగా చేపట్టిన వర్ధమాన దేశాల్లో బ్రెజిల్‌ ముందువరుసలో ఉంటుంది. 1976లో ఆ దేశం కార్మిక ఆహార కార్యక్రమాన్ని ప్రారంభించింది. తక్కువ జీతాల కార్మికులకు భోజనం పెట్టే కంపెనీలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చారు. ఆనాటి సమస్య ఆకలి, నీరసం. అందుకని ప్రధాన భోజనంలో కనీసం 1,400 కేలరీలు ఉండాలని నిబంధన పెట్టారు. మన ప్రాంతంలో కూర్చుని పనిచేసే మనిషికి రోజంతా కావలసిన శక్తిలో అది సగానికి పైమాటే.

తర్వాతి దశాబ్దాల్లో యంత్రాలు పెరిగాయి, శారీరక శ్రమ తగ్గింది, ఇంట్లో తిండి మారింది. కంచం మీది నిబంధన మాత్రం మారలేదు. కార్యక్రమంలో ఉన్న కంపెనీల కార్మికులు బరువు పెరుగుతున్నారని పరిశోధకులు గమనించాక, 2006లో ప్రభుత్వం ప్రమాణాలను సవరించింది. ప్రధాన భోజనాన్ని 600–800 కేలరీలకు దించి, పండు, కూరగాయ ఒక్కో వంతు తప్పనిసరి చేసింది. ముప్పై ఏళ్లు పట్టిన ఈ సవరణలో గమనించవలసినది ఒకటుంది. కార్మికుల బరువు పెరగడానికీ, ఆ తర్వాత దాన్ని సరిదిద్దడానికి ప్రయత్నం జరగడానికీ దారి కాగితం మీది ప్రమాణమే. కార్మికుల ఇష్టాయిష్టాలకంటే, వారికి ఇచ్చిన సలహాలకంటే, ఎంత పెట్టాలి, ఏం పెట్టాలి అని రాసిన వాక్యమే వారి పళ్లెంలోకి వచ్చింది.

బంగ్లాదేశ్‌ దుస్తుల కర్మాగారాల్లో మధ్యాహ్న భోజనంలో పోషకాలు పెంచి, ఐరన్‌–ఫోలిక్‌ ఆమ్లం మాత్రలు ఇచ్చి చూసినప్పుడు మహిళా కార్మికుల్లో రక్తహీనత తగ్గింది. ఇండోనేసియా రబ్బరు తోటల్లో 1970లలో జరిగిన ప్రయోగం ఇంకా పాతది. రక్తహీనత ఉన్న కార్మికులకు ఇనుము మాత్రలిస్తే వారు సేకరించే రబ్బరు పాల దిగుబడి పెరిగింది. యజమానికి కూడా వెంటనే లాభం కనిపించే ఆరోగ్య చర్య ఏదైనా ఉందంటే అది ఇదే.

అమెరికా లెక్కలు ఎందుకు తలకిందులయ్యాయి

కంపెనీలు తరచూ చూపే ఒక అంకె ఉంది. ఆరోగ్య కార్యక్రమాల మీద పెట్టే ప్రతి డాలరుకు వైద్య ఖర్చులో సుమారు 3.27 డాలర్లు ఆదా అవుతాయని 2010లో అమెరికాలో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. అదే సమీక్షలో పాల్గొన్న పరిశోధకులిద్దరు తర్వాత ఒక హోల్‌సేల్‌ దుకాణాల సంస్థకు చెందిన 160 శాఖల్లో, సుమారు 33 వేల మంది ఉద్యోగుల మీద, ఏ శాఖలో కార్యక్రమం పెట్టాలో చీటీ తీసినట్టు ఎంపిక చేసి పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితం వేరుగా ఉంది. తాము వ్యాయామం చేస్తున్నామని, బరువు మీద శ్రద్ధ పెడుతున్నామని చెప్పేవారు పెరిగారు. ఏడాదిన్నర తర్వాత రక్తపోటు, కొలెస్టరాల్‌, బరువు, వైద్య ఖర్చు, సెలవులు మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు.

కారణం ఇల్లినాయ్‌ విశ్వవిద్యాలయ ఉద్యోగుల మీద జరిగిన మరో అధ్యయనంలో స్పష్టంగా దొరికింది. ఇలాంటి కార్యక్రమాల్లో స్వచ్ఛందంగా చేరేవారు చేరకముందు నుంచే ఆరోగ్యంగా ఉన్నవారు, వైద్య ఖర్చు తక్కువ ఉన్నవారు. చేరినవారినీ చేరనివారినీ పోల్చి చూస్తే కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ తేడా ముందునుంచీ ఉన్నదే. నడక పోటీలో గెలిచినవారి ఫొటోలతో కంపెనీ వార్షిక నివేదికలో వచ్చే పేజీని కూడా ఈ దృష్టితోనే చదవాలి.

మనకు దగ్గరి ఆధారాలు

పనిచోట ఏదీ ఫలించదని దీని అర్థం కాదు. చెన్నైలో జరిగి 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనం సంస్థల్లో పనిచేసే మధ్యతరగతి వారి నుంచే మనుషులను ఎంచుకుంది. మధుమేహం ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్లు అనుసరిస్తే, ఆహారం, నడకల విషయంలో క్రమం తప్పని సలహా అందుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మందు ఇచ్చినవారిలో వచ్చిన తగ్గుదల కూడా ఇంచుమించు అంతే. భారతీయ పరిశ్రమల్లో కార్మికులు, వారి కుటుంబ సభ్యుల మీద కొన్నేళ్లపాటు జరిగి 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, కార్యక్రమం నడిచిన చోట బరువు, నడుము కొలత, రక్తపోటు, రక్తంలో చక్కెర తగ్గాయి. మెక్సికోలో ఆరోగ్య శాఖ కార్యాలయ ఉద్యోగులకు రోజూ పని మధ్యలోనే పది నిమిషాల వ్యాయామ విరామం పెట్టారు. ఏడాది తిరిగేసరికి వారి నడుము చుట్టుకొలత సగటున 1.6 సెంటీమీటర్లు తగ్గింది.

ఈ మూడింటికీ అమెరికా ప్రయోగానికీ ఉన్న తేడా గమనించదగినది. చెన్నైలో సలహా ఒక్కసారితో ఆగలేదు, మూడేళ్లు వెంటపడింది. పరిశ్రమల అధ్యయనంలో కుటుంబం కూడా లోపలికి వచ్చింది. ఇంట్లో వంట చేసేవారిని వదిలేసి తినేవారికి మాత్రమే చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. మెక్సికోలో విరామం పని గంటల్లోనే ఉంది. అయితే ఇవి జరిగింది ఎక్కువగా స్థిరమైన ఉద్యోగాలున్న చోట. ఆరు నెలలకో ఏడాదికో మనుషులు మారిపోయే అసెంబ్లీ యూనిట్లలో ఇవే ఫలితాలు వస్తాయని అనుకోవడానికి లేదు.

కష్టం చేసే ఒంటికి వ్యాయామం ఎందుకు

‘రోజంతా నిలబడి పనిచేసేవారికి వ్యాయామమెందుకు’ అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ఇది కొట్టిపారేయవలసినది కాదు. శ్రమ, వ్యాయామం ఒకటి కాదని గత రెండు దశాబ్దాల పరిశోధనలు, ముఖ్యంగా డెన్మార్క్‌లో జరిగినవి, చూపుతున్నాయి. నడక, పరుగు, ఆట కొద్దిసేపు గుండె వేగాన్ని పెంచి తర్వాత విశ్రాంతి ఇస్తాయి. బరువులు మోయడం, గంటల తరబడి ఒకే చోట నిలబడటం గుండె వేగాన్నీ రక్తపోటునూ తక్కువ స్థాయిలోనే అయినా రోజంతా పైన ఉంచుతాయి, కోలుకునే వ్యవధి ఇవ్వవు. అందుకే కాయకష్టం ఎక్కువగా ఉన్న పురుషుల్లో గుండె జబ్బులు తక్కువగా కనిపించలేదు. వారికి అదనపు కసరత్తుకంటే కూర్చునే వీలు, పని మార్పు, నడుము–మోకాళ్లను సాగదీసే చిన్న విరామాలు ఎక్కువ ఉపయోగం. ఆయుష్‌ మంత్రిత్వ శాఖ 2021లో ప్రవేశపెట్టిన అయిదు నిమిషాల యోగా విరామం కుర్చీలో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకున్నది. లైన్‌లో పనిచేసేవారికి ఒళ్లునొప్పులు తగ్గించవచ్చు గానీ బరువు తగ్గించే సాధనంగా దాన్ని చూపడం సరికాదు.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం అలవాటున్న ఊరికి నడక గురించి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇక్కడి కొరత సమయానిది. తిరుపతి నుంచో శ్రీకాళహస్తి వైపు పల్లెల నుంచో శ్రీసిటీకి కంపెనీ బస్సులో వెళ్లివచ్చే కార్మికురాలి రోజును లెక్కవేస్తే విషయం తేలిపోతుంది. పదిగంటల పని, ఒక గంట విరామం, రానూపోనూ మూడు గంటలు పోతే పద్నాలుగు. ఏడు గంటలు నిద్ర తీసేస్తే మిగిలేవి మూడు. అందులోనే స్నానం, వంట, బట్టలు, పిల్లలు. ఆమె చేత ఫోన్‌లో అడుగుల లెక్క పెట్టించే యాప్‌ ఆ మూడు గంటలను నాలుగు చేయలేదు. వ్యాయామం పని వేళల్లోకి రాకపోతే అసలు రాదు. రాత్రి షిఫ్టులో సమస్య ఇంకా ముదురుతుంది. రాత్రిపూట తిన్న అన్నాన్నే ఒళ్లు పగటికంటే నెమ్మదిగా సర్దుకుంటుంది, రక్తంలో చక్కెర ఎక్కువసేపు పైన ఉంటుంది. తెల్లవారుజామున రెండింటికి బజ్జీలు, బన్నులు తప్ప వేరేదీ దొరకని క్యాంటీన్‌ ఆ నష్టాన్ని పెంచుతుంది.

ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది

అమెరికాలో చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగుల వైద్య ఖర్చును తామే భరిస్తాయి. ఉద్యోగి ఆరోగ్యం బాగుపడితే మిగిలేది వాళ్ల డబ్బే. ఇక్కడి ఏర్పాటు అలాంటిది కాదు. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది; యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తారు. కార్మికులు ఆరోగ్యంగా ఉన్నా జబ్బున పడినా ఈ శాతం మారదు. మంచి భోజనం పెట్టిన కంపెనీకీ పెట్టని కంపెనీకీ చందా ఒక్కటే. మధుమేహం తగ్గడం వల్ల వచ్చే లాభం పదేళ్ల తర్వాత కనిపిస్తుంది. అప్పటికి ఆ కార్మికుడు నాలుగు కంపెనీలు మారి ఉంటాడు.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్‌) నిధులు వాడుకోవచ్చు కదా అన్న సూచన కూడా వినిపిస్తుంది. సొంత ఉద్యోగులకు మేలు చేసే పనులను ఆ ఖాతాలో చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల కార్పొరేట్‌ ఆరోగ్య కార్యక్రమాలు గేటు బయట ఊళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. తవణంపల్లె మండలం అరగొండ కేంద్రంగా అపోలో సంస్థ 2013 నుంచి నడుపుతున్నది అలాంటిదే. గేటు లోపలి కంచానికి మాత్రం డబ్బు కంపెనీ సొంత లెక్క నుంచే రావాలి. బ్రెజిల్‌ పన్ను మినహాయింపుతో పూడ్చినది ఈ ఖాళీనే. ఇక్కడ అలాంటి ప్రోత్సాహం వచ్చేదాకా రక్తహీనత వంటి, కొద్ది నెలల్లోనే ఉత్పత్తిలో ఫలితం కనిపించే సమస్యల మీద కంపెనీలు ముందుకు రావడానికి అవకాశం ఎక్కువ.

క్యాంటీన్‌ టెండరే అసలు పత్రం

క్యాంటీన్‌ కాంట్రాక్టులో సాధారణంగా ప్లేటుకు ఇంత అని రేటు రాస్తారు, తక్కువ కోట్‌ చేసినవారికి పని దక్కుతుంది. ‘ఒక కూర, ఒక పప్పు, సాంబారు, రసం’ అని పేర్లుంటాయి గానీ ఎన్ని గ్రాములో ఉండదు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పెరిగిన వారం కాంట్రాక్టరు నష్టపోకుండా ఉండటానికి ఉన్న దారి కూరలో కూరగాయ తగ్గించి, అన్నం ‘కావలసినంత’ పెట్టడం. బియ్యం చవక, నూనెతో రుచి, ఉప్పుతో సరిపెట్టు. ఇందులో కాంట్రాక్టరు దుర్బుద్ధి వెతకనక్కర్లేదు. రేటు రాసిన తీరులోనే ఆ ఫలితం ఉంది.

దీన్ని మార్చడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మనిషికి వండక ముందు పప్పు ఎన్ని గ్రాములు, కూరగాయలు ఎన్ని గ్రాములు, వారానికి గుడ్లు ఎన్ని అని రాయవచ్చు. ఉప్పును స్టోరు రిజిస్టరు నుంచే తనిఖీ చేయవచ్చు. రోజుకు మొత్తం 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెయ్యి మంది తినే పూటకు 4 కిలోల ఉప్పు ఖర్చయితే ఆ ఒక్క భోజనంలోనే మనిషికి 4 గ్రాములు వెళ్లినట్టు, అప్పడం, ఊరగాయ కాకుండా. మళ్లీమళ్లీ కాచిన నూనెకు కూడా జాతీయ పరిమితి ఉంది. అందులో పోలార్‌ పదార్థాలు (నూనె చెడేకొద్దీ పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదు. టీలో చక్కెర కలిపి తేకుండా విడిగా పెట్టడానికి పైసా ఖర్చు లేదు. భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం ఉండేలా టీ వేళ జరపడం కూడా అంతే.

ప్రాంతపు తిండి ఇక్కడ అక్కరకొస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఇనుము తెల్లబియ్యంలో కంటే చాలా ఎక్కువ. వారానికి రెండు పూటలు రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగ) ఊరుబిండి పచ్చడి, ఆకుకూర పప్పు, కాలంలో అనపగింజల కూర పెడితే ఇక్కడివారికి అది పథ్యంలా అనిపించదు. ఒడిశా, బిహార్‌ నుంచి వచ్చిన కార్మికులకు సంగటి కొత్త, వారికి రొట్టె, పప్పు వేరుగా చూడాలి. ఏ మార్పయినా నిలబడాలంటే తినేవారికి అందులో మాట ఉండాలి. క్యాంటీన్‌ నిర్వహణ కమిటీలో కార్మికుల ప్రాతినిధ్యం గురించి 1948 చట్టమే ప్రస్తావించింది. అది పేరుకు ఉన్న చోట్ల సంగటి మొదటి వారమే చెత్తబుట్టలోకి పోతుంది.

వైద్యపరీక్షల విషయంలో ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. చక్కెర ఎక్కువుందని, రక్తం తక్కువుందని తేలిన చీటీ నేరుగా హెచ్‌ఆర్‌ విభాగానికి వెళితే, కాంట్రాక్టు కార్మికులు ఉద్యోగం పోతుందేమోనని పరీక్షకే రారు. ఫలితం డాక్టరుకూ ఆ మనిషికీ మధ్యే ఉండి, కంపెనీకి మొత్తం అంకెలు మాత్రమే చేరాలి.

సీజన్‌ పనుల సంగతి

చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు కర్మాగారాల్లో పని తోతాపురి కాయ దిగే కొద్ది నెలలే. ఎక్కువగా మహిళలు, రోజు కూలి మీద, నిలబడి కాయలు కోస్తారు. ఏడాది పొడవునా నడిచే వ్యాయామ కార్యక్రమానికి ఇక్కడ అర్థం లేదు. కానీ ఈ మహిళలంతా ఒకే చోట, తెలిసిన తేదీల మధ్య దొరుకుతారు. ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఆ వయసు మహిళలకు వారానికో ఐరన్‌ మాత్ర ఇవ్వడం 2018 నుంచి అమల్లో ఉన్న విధానమే. సీజన్‌ మొదట్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది కర్మాగారానికే వచ్చి హిమోగ్లోబిన్‌ చూసి, తక్కువున్నవారికి చికిత్స మొదలుపెట్టి, సీజన్‌ ముగిసేలోపు మరోసారి చూడవచ్చు. కర్మాగారం ఒక పూట గుడ్డుతో భోజనం, కూర్చోవడానికి బల్ల, తాగునీరు, వాడుకోగల మరుగుదొడ్డి ఇవ్వాలి. మరుగుదొడ్డి సరిగా లేని చోట మహిళలు నీళ్లు తాగడమే మానేస్తారు. కాబట్టి తనిఖీకి వెళ్లే అధికారులు క్యాంటీన్‌తో పాటు దాన్ని కూడా ఆరోగ్య కార్యక్రమం పద్దులోనే చూడాలి.